వాయించినవానికి వాటా ఉన్నదా?



నలుగురు కలిసి చేసిన పని ఎవరిది? మొదట తలపెట్టినవానిదా? చివరలో చేయి వేసి దానికి రూపము తెచ్చినవానిదా? లేక కాగితము మీద ఎవరి పేరుంటే వారిదేనా? ఇది తత్త్వశాస్త్రము చదివినవారు మాత్రమే వేసుకొనే ప్రశ్న కాదు. అన్నదమ్ములు ఇల్లు పంచుకొనేటప్పుడు, భాగస్తులు దుకాణము లెక్కలు చూసుకొనేటప్పుడు, సంఘములో వార్షిక నివేదిక చదివేటప్పుడు ఎవరో ఒకరి మనసులో ఈ ప్రశ్న కదులుతూనే ఉంటుంది. నోరు తెరచి అడిగేవారు కొందరే. అడగక లోపలే దాచుకొనేవారు ఎక్కువమంది.

దీనికి తోడు ఇంకొక ప్రశ్న ఉన్నది. తనకు రావలసినది రాలేదని తెలిసి కూడ ఒక మనిషి ఏండ్ల తరబడి ఊరకుంటే అతని హక్కు ఉన్నట్లా, పోయినట్లా? ఈ రెండు ప్రశ్నలు ఒకే పాట చుట్టూ లేచి, ఇంగ్లాండులో కోర్టు మెట్లెక్కి, ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు వెళ్లాయి. ఆ పాట పేరు "ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్". 1967లో దానిని పాడి వాయించినది ప్రొకోల్ హారమ్ అనే రాక్ బృందము.

మన పత్రికలో రాక్ పాటల ప్రసక్తి ఏమిటని కొందరు పెద్దలు నొసలు చిట్లించవచ్చు. ఆ పాటను వినుమని గాని పాడుమని గాని మేము చెప్పబోవుటలేదు. దాని వెనుక జరిగిన సంగతిలో ధర్మసూక్ష్మము ఉన్నది గనుక, అది మన ఇండ్లకు, మన సంఘములకు కూడ పనికివస్తుంది గనుక దానిని ఎత్తుకొన్నాము.

పాట పుట్టిన విధము

గ్యారీ బ్రూకర్ పియానో వాయించి పాడేవారు. కీత్ రీడ్ పాటలు వ్రాసేవారు గాని పాడుట, వాయించుట ఆయన పని కాదు. ఒక విందులో ఎవరో ఒక స్త్రీతో, ఆమె ముఖము మరీ తెల్లగా పాలిపోయినదని అన్న మాట రీడ్ చెవిన పడింది. ఆ మాట ఆయన మనసుకు పట్టుకొన్నది. దాని చుట్టూ చరణములు అల్లి బ్రూకర్‌కు ఇచ్చారు. బ్రూకర్ పియానో ముందు కూర్చుని వాటికి స్వరము కట్టారు. అంతకుముందు ఆయన యోహాను సెబాస్టియన్ బాఖ్ సంగీతము వింటూ ఉండేవారు. మెట్టు మెట్టుగా క్రిందికి దిగివచ్చే ఆ మంద్రస్వరముల నడక ఆయన చేతికి అబ్బింది. 1967 మార్చిలో ఆ ఇద్దరు పాట మీద హక్కులను ఒక సంగీత ప్రచురణ సంస్థకు వ్రాసి ఇచ్చారు. కాగితము మీద ఉన్నవి ఆ రెండు పేర్లే.

అప్పటికి మూడవవాడు ఇంకా రంగములోనికి రాలేదు. మాథ్యూ ఫిషర్ హామండ్ ఆర్గన్ వాయించే యువకుడు. శాస్త్రీయముగా సంగీతము నేర్చుకొన్నవాడు. హక్కుల పత్రము అయిన తరువాత బృందములో చేరాడు. సాధన జరుగుచున్న రోజులలో ఆ పాటకు ఆరంభములోను, చరణములకు మధ్యను వచ్చే ఆర్గన్ వాద్యమును ఆయన కూర్చాడు. పాశ్చాత్యుల లెక్కలో అది ఎనిమిది బార్లు. వింటే అర నిమిషమునకు మించదు. ఆ పాట తెలిసినవారెవరినైనా ఒకసారి కూనిరాగము తీయమని అడిగితే, వారు మొదట తీసేది ఆ ఆర్గన్ స్వరమే. చరణములలోని మాటలకు అర్థమేమిటో చాలామందికి తెలియదు. ఆర్గన్ మాత్రము ఎవరూ మరచిపోలేదు.

ఏప్రిల్‌లో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో పాట రికార్డు చేశారు. ఆనాడు డ్రమ్ములు వాయించినది బృంద సభ్యుడు కాదు. బిల్ ఐడెన్ అనే అనుభవజ్ఞుడు రోజు పనికి వచ్చి వాయించి, తన రుసుము తీసుకొని వెళ్లిపోయారు. ఆయన సంగతి మరల ఎత్తుకొందుము. 1967 మే 12న రికార్డు విడుదల అయినది. జూన్‌లో బ్రిటన్‌లో మొదటి స్థానమునకు చేరి ఆరు వారములు అక్కడే నిలిచింది. అమెరికాలో అయిదవ స్థానము వరకు వెళ్లింది. ఆ పాట చేసిన ముగ్గురికీ అప్పుడు ఇరవై, ఇరువది యొక్క ఏండ్లు. ఆ వయసులో పేరు, సొమ్ము ఒక్కసారిగా వచ్చిపడితే వాటాల సంగతి నిదానముగా కూర్చుని మాట్లాడుకొనేవారు ఎంతమంది?

ఇక్కడ ఒక తేడా గమనించాలి. రికార్డు అమ్మకముల మీద వచ్చే సొమ్ములో వాద్యకారుడుగా ఫిషర్‌కు భాగము వచ్చింది. పాటను కూర్చినవారికి వచ్చే సొమ్ము వేరు. ఆ పాట రేడియోలో వచ్చినా, వేరొకరు పాడినా, సినిమాలో వాడుకొన్నా కూర్చినవారికి రాయల్టీ ముడుతుంది. ఆ పాటను ఎందరో తిరిగి పాడారు గనుక అది చిన్న సొమ్ము కాదు. అందులో ఫిషర్‌కు ఒక్క పెన్నీ రాలేదు. రికార్డు మీద కర్తలుగా ఆయన పేరూ లేదు. మొదటి రోజులలోనే తాను ఈ మాట కదిపితే మిగిలినవారు పట్టించుకోలేదని ఆయన తరువాత కోర్టులో చెప్పారు. గట్టిగా పట్టుబడితే బృందములో తన చోటుకే ముప్పు వస్తుందని ఆయన భయపడ్డారు. 1969లో బృందమును విడిచారు. 1991లో తిరిగి కలిసి మరికొన్నేండ్లు వారితో వాయించారు. వాటా మాట మాత్రము కోర్టు దాకా తేలేదు.

ముప్పది యెనిమిది ఏండ్ల తరువాత

2005 మే నెలలో ఫిషర్ దావా వేశారు. పాట సంగీతములో తాను సహకర్తనని, సగము వాటా తనదని ఆయన వాదము. బ్రూకర్ జవాబు కూడ తేలికగా తీసివేయదగినది కాదు. ఫిషర్ రాకముందే పాట పూర్తి అయినది. పత్రము వ్రాయుటా అయినది. ఆర్గన్ వాద్యము తన పియానో బాణీ నుండి, బాఖ్ ఛాయ నుండి వచ్చినదే గాని క్రొత్త సృష్టి కాదు. బృందములో ప్రతి వాద్యకారుడూ ఏదో ఒకటి జోడిస్తాడు, అది అతని పని. పైగా ముప్పది యెనిమిది ఏండ్లు ఊరకుండి, కలిసి తిరిగి, కలిసి వాయించి ఇప్పుడు అడుగుట న్యాయమా? ఇదీ ఆయన వాదము.

2006 డిసెంబరు 20న లండన్ హైకోర్టు తీర్పు వచ్చింది. ఆర్గన్ వాద్యము అల్పమైనది కాదు, పాటకు గుర్తింపు తెచ్చిన భాగము అది, కనుక ఫిషర్ సహకర్తయే అని న్యాయాధిపతి నిర్ణయించారు. అయితే బ్రూకర్ చేసినది అంతకన్న ఎక్కువ గనుక సగము గాక, సంగీతపు హక్కులో 40 శాతము ఫిషర్‌కు ఇచ్చారు. గడిచిన కాలపు సొమ్ము ఇవ్వలేదు. దావా వేసిన నాటి నుండి వచ్చేదానికే ఆ వాటా వర్తిస్తుందన్నారు.

2008 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు దీనిని సగము త్రిప్పివేసింది. ఫిషర్ సహకర్త అనుట నిజమే గాని, అంత ఆలస్యముగా వచ్చినవానికి సొమ్ములో భాగము లేదని ముగ్గురు న్యాయాధిపతులలో ఇద్దరు అన్నారు. మూడవవారు ఒప్పుకొనలేదు. అనగా పేరు దక్కింది, వాటా పోయింది. ఫిషర్ ఇంకొక మెట్టు ఎక్కారు. అప్పటికి బ్రిటన్‌లో అత్యున్నత న్యాయస్థానము హౌస్ ఆఫ్ లార్డ్స్. 2009 జూలై 30న అక్కడి అయిదుగురు న్యాయాధిపతులు ఏకగ్రీవముగా 40 శాతము వాటాను ఫిషర్‌కు తిరిగి ఇచ్చారు. కాపీరైటు హక్కు కేవలము ఆలస్యము వలన నశించదని, ఫిషర్ తన హక్కును వదులుకొన్నట్లు మాటతోగాని చేతతోగాని ఎన్నడూ చెప్పలేదని, ఆ ఆలస్యము వలన ఎదుటివారికి నష్టము కలుగకపోగా అన్నేండ్ల సొమ్ము వారికే మిగిలినదని వారు చూపించారు. వారిలో ఒకరైన బారనెస్ హేల్, ఆ మరపురాని ఆర్గన్ వాద్యమును కూర్చినవానికి ఇప్పటికైనా గుర్తింపు దొరికినందుకు తనకు సంతోషమని కూడ వ్రాశారు.

గ్యారీ బ్రూకర్ 2022లో, కీత్ రీడ్ 2023లో కన్నుమూశారు. చట్టము సంగతి తేలిపోయి చాలాకాలమైనది. ధర్మము సంగతి మనము ఆలోచించాలి. కోర్టు తీర్పు వచ్చినంత మాత్రాన మనస్సాక్షి ప్రశ్నలు ముగిసిపోవు.

మూడు సామెతలు

మన తెలుగువారు ఎక్కడ స్థిరపడినా సామెతలను వెంట తీసుకొనిపోయారు. ఈ వ్యాజ్యమునకు సరిపడేవి మూడున్నాయి. మౌనము అర్ధాంగీకారము. ఆలస్యము అమృతము విషము. అడగనిదే అమ్మయినా పెట్టదు. ఈ మూడును బ్రూకర్ పక్షమునే నిలుచునట్లు కనబడును. నిలుచునా లేదా అని ఒక్కొక్కటి పరీక్షించుదాము.

మౌనము అర్ధాంగీకారము అంటారు. ఎవరి మౌనము? సమానుల మధ్య, భయము లేనిచోట, ఒకడు విని ఊరకుంటే అతడు ఒప్పుకొన్నాడని అనుకొనవచ్చును. అడిగితే కూడు పోతుందని భయపడేవాని మౌనము అంగీకారము కాదు, అది అతని ఇరకాటము. కూలివాడు మేస్త్రి ఎదుట ఊరకుండును. కోడలు అత్తవారింట ఊరకుండును. క్రొత్తగా చేరిన ఉపాధ్యాయుడు యాజమాన్యము ఎదుట ఊరకుండును. వీరంతా ఒప్పుకొన్నారనా? ఇరువది యొక్క ఏండ్ల ఫిషర్ మొదటి అవకాశము చేజారునని ఊరకున్నాడు. అంతవరకు ఈ సామెత అతనిని పట్టుకొనలేదు. కాని ఇంకొక మాట కూడ న్యాయముగా చెప్పాలి. 1969లో అతడు బృందమును విడిచాడు. అప్పుడు ఏ చోటు పోతుందని భయము? అక్కడి నుండి అతని మౌనమునకు మొదటి సమర్థన చాలదు. ఇది బ్రూకర్ వైపున ఉన్న బలమైన మాట. దీనిని మేము దాటవేయము.

రెండవది, ఆలస్యము వలన అమృతము విషమగును అనుట. ఇది నిజమే. అయితే దేనికి విషము? ఈ చోట మనము రెండింటిని వేరుచేసి చూడాలి. ఒక వస్తువు నాది అనుట ఒకటి. దాని మీద గడచినకాలపు ఫలము అంతా ఇప్పుడు కక్కుమనుట మరొకటి. పొరుగువాడు నా చెట్టు కాయలు నా కన్నుల ఎదుటనే ఇరువది ఏండ్లు కోసుకొని తిన్నాడు. నేను ఏమీ అనలేదు. చెట్టు నాది కాకుండ పోయినదా? పోలేదు. కాని ఆ ఇరువది ఏండ్ల కాయల ఖరీదు ఇమ్మనుటకు నాకు నోరు రాకూడదు. నా ఊరకుండుటను నమ్మి అతడు తిన్నాడు, పిల్లలకు పెట్టాడు, ఖర్చు చేశాడు. హైకోర్టు సరిగా ఈ గీతనే గీసింది. హక్కు నిలిచింది, పాత ఫలము పోయింది. ఆలస్యమునకు ఫిషర్ చెల్లించిన వెల ముప్పది యెనిమిది ఏండ్ల రాయల్టీ. అది తక్కువ వెల కాదు. అంత చెల్లించినవానిని ఇంకా శిక్షించి మూలమే లేదనుట సరికాదని అత్యున్నత న్యాయస్థానము అన్నది. ఇందులో చట్టమూ ధర్మమూ ఒకే త్రోవన నడిచినవని మా అభిప్రాయము.

మూడవ సామెత, అడగనిదే అమ్మయినా పెట్టదు అనేది, నిజానికి అడిగేవానికి చెప్పిన బుద్ధి. పెట్టేవానికి అది సాకు కాకూడదు. పదిమంది బిడ్డలున్న తల్లి ఒకడు అడగలేదని మరచిపోవచ్చును. కాని వాని పళ్లెము ఖాళీగా ఉన్నదని చూసి కూడ అడగలేదు గదా అని ఊరకుండే తల్లి ఉండదు. బ్రూకర్, రీడ్ ఆ రికార్డు ఎన్నిసార్లు విని ఉంటారు! విన్న ప్రతిసారీ మొదట వినబడినది ఫిషర్ చేతివాద్యమే. అడుగవలసిన బాధ్యత నష్టపోయినవాని మీద ఉన్నది నిజమే. అయితే లాభము పొందినవాని మీద అంతకుముందే ఒక బాధ్యత ఉన్నది: ఇందులో నీకేమైనా రావలెనా అని తానే అడుగుట. కూలివాని కూలిని తెల్లవారువరకు ఇంట నిలువ ఉంచుకొనరాదన్న ఆజ్ఞ ధర్మశాస్త్రములో ఇవ్వబడినది యజమానికే గాని కూలివానికి కాదు. ఈ క్రమమును మనము తరచుగా తలక్రిందులు చేస్తాము.

ఒప్పందము ఎంతవరకు?

ఇప్పుడు డ్రమ్ములు వాయించిన బిల్ ఐడెన్ సంగతి. ఆయన చేయి కూడ ఆ పాటలో ఉన్నది. ఆయనకు వాటా ఎందుకు లేదు? ఫిషర్‌కు ఇస్తే ఐడెన్‌కు ఇవ్వవద్దా? ఇట్లు మొదలుపెడితే ప్రతి రికార్డులో వాయించిన ప్రతివాడూ వాటాకు వస్తాడని బ్రూకర్ పక్షము హెచ్చరించింది. ఆ భయము ఉత్తది కాదు. వంతెన కట్టిన ప్రతి కూలివాడు వంతెనలో వాటా అడిగితే లోకము నడువదు.

ఇక్కడ మనకు ద్రాక్షతోట పనివారి ఉపమానము జ్ఞాపకము రావాలి. ఉదయమే వచ్చినవారు ఒక దేనారమునకు ఒప్పుకొన్నారు. ఒప్పుకొన్నది వారికి ముట్టింది. ఇతరులకు యజమానుడు దయతో ఎక్కువ ఇచ్చినంత మాత్రాన వీరికి అన్యాయము జరుగలేదు. ఒప్పందము ఉన్నచోట ఒప్పందమే కొలత. ఐడెన్ ఒక రోజు వాయించుటకు ఒప్పుకొన్నారు, రుసుము తీసుకొన్నారు, పని ముగిసింది. ఫిషర్‌తో పాట కూర్పును గూర్చి ఒప్పందమేదీ జరుగలేదు. మార్చి నెలలో వ్రాసుకొన్న పత్రము ఆయన రాకముందటిది. ఆయన చేయబోయే పనిని గూర్చి అందులో ఎట్లుండును? మాట లేనిచోట పనియే సాక్ష్యము చెప్పాలి.

అయితే రుసుము తీసుకొన్నవానికి ఇక మాటే లేదా? దీనికి కూడ ఒక ఉదాహరణ ఉన్నది. పింక్ ఫ్లాయిడ్ అనే మరొక ఆంగ్ల బృందము 1973లో విడుదల చేసిన ఆల్బములో "ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై" అనే పాట ఉన్నది. అందులో మాటలు లేని ఆలాపన చేసినది క్లేర్ టారీ అనే గాయని. ఒక ఆదివారము స్టూడియోకు వచ్చి, 30 పౌండ్ల రుసుముకు పాడి వెళ్లింది. కాని ఆమెకు ఎవరూ స్వరము వ్రాసి ఇవ్వలేదు. ఆ ఆలాపన ఆమె అప్పటికప్పుడు తనంతట తాను అల్లినది. 2004లో ఆమె దావా వేసింది. 2005లో కోర్టు బయట రాజీ అయినది. ఆ తరువాతి ముద్రణలలో కర్తల స్థానములో రిచర్డ్ రైట్ పేరు ప్రక్కన ఆమె పేరు చేర్చారు. పాడుటకు ఇచ్చిన కూలి, కూర్చినదానికి కూడ సరిపోయినట్లేనా అనేది ఇక్కడి ప్రశ్న. గోడ కట్టుటకు పిలిచినవాడు ఇంటి నమూనా కూడ గీసి ఇస్తే, గోడ కూలితో నమూనా ఋణము తీరదు. కాబట్టి ఒప్పందము కొలతయే గాని, అది ఏ పనికి చేసిన ఒప్పందమో చూడవలసియున్నది.

కోర్టుకు వెళ్లని కథ ఇంకొకటి. 1964లో ది యానిమల్స్ అనే బృందము "ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్" అనే పాత జానపద గీతమును క్రొత్తగా వాయించింది. అట్లాంటిక్‌కు రెండు వైపులా అది మొదటి స్థానమునకు చేరింది. పాట ఎవరిదో ఎవరికీ తెలియదు గనుక, వాద్య ఏర్పాటు చేసినవారి పేరే రికార్డు మీద వేయాలి. అయిదుగురు కలిసి ఏర్పరచినదానికి ఆర్గన్ వాయించిన అలాన్ ప్రైస్ ఒక్కని పేరే అచ్చయింది. అయిదు పేర్లకు లేబులు మీద చోటు చాలలేదని అప్పుడు కారణము చెప్పారని బృందములోనివారు తరువాత చెప్పుకొన్నారు. ఆ ఏర్పాటుకు వచ్చే రాయల్టీ ఆ ఒక్కనికే చేరింది. ఆ పాటలో అందరికీ గుర్తుండే గిటార్ మీటు హిల్టన్ వాలెంటైన్‌ది. ఎవరూ దావా వేయలేదు. బృందము మాత్రము ఎక్కువకాలము కలిసి నిలువలేదు. ఆ పేరు సంగతి ఏండ్లు గడిచినా మిగిలినవారి మనసులలో ముల్లుగానే ఉండిపోయింది. కోర్టుకు వెళ్లలేదంటే సమాధానము కలిగినట్లు కాదు.

అప్పులేనివాడు ఎవడు?

ఫిషర్ వాద్యము బాఖ్ నుండి వచ్చినదేనన్న బ్రూకర్ మాటను కూడ చూడాలి. బాఖ్ జర్మనీ దేశమందలి లైప్‌జిగ్‌లో 1723 నుండి 1750లో మరణించువరకు దేవాలయ సంగీతమునకు బాధ్యుడుగా పనిచేశాడు. ఆయన వ్రాసినదానిలో ఎంతో భాగము ఆరాధన కొరకు వ్రాసినదే. రెండు వందల ఏండ్లు దాటిన తరువాత లండన్‌లో ఇద్దరు యువకులు ఆయన బావిలో నీళ్లు తోడుకొన్నారు. ఫిషర్ అప్పు తెచ్చుకొన్నాడంటే బ్రూకరూ తెచ్చుకొన్నాడు. బాఖ్ కూడ తనకు ముందున్న సంఘగీతముల స్వరములను తీసుకొని ఎన్నో కూర్చినవాడే. అప్పు తీసుకొన్నాడు గనుక ఒకడు కర్త కాడంటే లోకములో కర్తలే ఉండరు. తెచ్చుకొన్న నీటితో ఎవడు ఏమి వండినాడో అదే చూడాలి.

ఇది మనకు క్రొత్త కాదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడండి. కీర్తన పైన రాగము, తాళము ఉంటాయి. కొన్నింటికి "చాయ" అని వేసి, ఏ పాట వరుసలో పాడాలో చెప్పి ఉంటుంది. క్రింద వ్రాసినవారి పేరు ఉంటుంది. పురుషోత్తమ చౌదరిగారి వంటివారి పేర్లు మనకు అట్లే తెలుసు. ఒడిశాలోని మన సంఘములవారికి ఆ పేరు మరింత దగ్గరిది. వరుస ఎక్కడినుండి వచ్చినదో దాచకుండ ప్రక్కనే వ్రాసిపెట్టుట ఎంత మంచి పద్ధతి! తీసుకొన్నది తీసుకొన్నామని చెప్పినవానిని ఎవరూ దొంగ అనరు.

కాని ఆ పుస్తకములో లేని పేర్లు కూడ ఉన్నాయి. రాగము పేరు తెలిసినంత మాత్రాన వరుస నోటికి రాదు. కర్ణాటకలో, తమిళనాడులో, మహారాష్ట్రలో తరతరములుగా ఉంటున్న మన సంఘములలో ఆ వరుసలు నేటివరకు నిలిచి ఉన్నాయంటే, చుట్టూ వేరే భాషలు వినబడుచుండగా వాటిని పట్టుకొని హార్మోనియం మీద పలికించినవారు, పిల్లలను కూర్చుండబెట్టి నోటికి నేర్పినవారు ఉన్నారు గనుకనే. వారు రాయల్టీ అడుగరు. వాటా అడుగరు. కాని వారి పేరు పలుకబడవలెనని కోరుకొనుట అత్యాశ కాదు. 2009 తీర్పు తరువాత ఫిషర్ చెప్పినది కూడ ఇటువంటిదే: సొమ్ము పెద్దగా రాదు, ఆ పాటలో తన చేయి ఉన్నదని అందరికీ తెలియుటే తనకు ముఖ్యము అన్నారు. ఆ మాటను పూర్తిగా నమ్మనివారు ఉండవచ్చు. మేము నమ్ముచున్నాము. మనిషికి కూలి ఎంత అవసరమో, నీవు చేశావు అన్న మాట అంత అవసరము.

మనకేమి?

కొందరు అడుగవచ్చు: పేరు కోరకుండ సేవ చేయవలెనని గదా మనము నేర్చుకొన్నాము? ఎడమ చేయి ఎరుగకుండ కుడి చేయి చేయవలెను గదా? సత్యమే. కాని అది చేసేవాడు తన్నుతాను అదుపులో పెట్టుకొనుటకు చెప్పబడిన మాట. ఇతరుల పనిని మనము మరుగుపరచుటకు దానిని వాడుకొనరాదు. నా పేరు వద్దు అని నేను అనవచ్చును. నీ పేరు వద్దు అని నీతో అనుటకు నాకు అధికారము లేదు. వినయమును ఎదుటివాని నుండి వసూలు చేయుట వినయము కాదు.

కనుక ఈ పాట కథ నుండి మేము తీసుకొన్నది ఇది. ఎక్కువ పొందినవాడు ముందుగా అడగాలి. తక్కువ పొందినవాడు తొందరగా చెప్పాలి. చెప్పుట కూడ ఒక ప్రేమకార్యమే. సహోదరుని వలన నొచ్చినవాడు అతనిని ఒంటరిగా కలిసికొని మాటలాడవలెనన్న ఉపదేశములో గొప్ప జ్ఞానము ఉన్నది. ఎందుకనగా చెప్పని బాధ వయసుతో తగ్గదు. అది ముప్పది యెనిమిది ఏండ్ల తరువాత లాయరు నోట బయటికి వస్తుంది. అప్పటికి ఎదుటివాడు దానిని స్నేహద్రోహమని అనుకొంటాడు, ఎందుకంటే తనతో కలిసి వాయించినవాడు లోపల ఇంత మోస్తున్నాడని అతనికి తెలియదు. బ్రూకర్‌కు కలిగిన నొప్పి కూడ నిజమైనదే. ఫిషర్ పక్షమున న్యాయమున్నదని చెప్పుచునే, అతడు 1969లోనే ఒక ఉత్తరము వ్రాసి ఉంటే ఇద్దరికీ మేలు కలిగియుండునని కూడ చెప్పక తప్పదు. 1967లో ముగ్గురూ ఒక గంట కూర్చుని ఉంటే అంతకన్న మేలు.

ఆ గంట మన చేతిలో ఇంకా ఉన్నది. అన్నదమ్ములు కలిసి ఇల్లు కట్టుకొంటున్నారా? ఎవరు ఎంత పెట్టారో, ఎవరి చాకిరి ఎంతో సఖ్యముగా ఉన్నప్పుడే ఒక కాగితము మీద వ్రాసుకొనండి. సఖ్యము చెడినాక వ్రాసే కాగితము కోర్టు కాగితమే అగును. సంఘములో కట్టడము కట్టినా, పాటల పుస్తకము అచ్చువేసినా, శతాబ్ది సంచిక తెచ్చినా, పేర్ల జాబితా వ్రాసేవారు కలము పట్టకముందు ఇంకెవరైనా ఉన్నారా అని నలుగురిని అడగండి. పనిచేసి వెనుక బెంచీలో కూర్చున్నవారు తమంతట తాము లేచి చెప్పరు.

మీ సంఘములో ఇన్నాళ్లూ ఆరాధనలో హార్మోనియమో, తబలాయో వాయిస్తున్నవారు ఎవరో, వారి పేరు ఏ పుస్తకములోనైనా వ్రాసియున్నదేమో ఈ వారము చూడండి. లేకపోతే వ్రాయించండి. వారు బ్రతికియుండగా వ్రాయించండి.